నల్ల తెర పూజారులు, రంగు బొమ్మల వర్తకులు

"జీపార్టెడ్‌తో పార్టిషన్లు చేసుకున్నాను" అని ఒక కుర్రాణ్ని తోటి సాఫ్ట్‌వేర్ వాళ్ల మధ్య అని చూడమనండి. వెంటనే ఎవడో ఒకడు పెదవి విరుస్తాడు. ఇంకా మౌస్ పట్టుకునే బతుకుతున్నావా, టెర్మినల్ రాదా అంటాడు. అదే కుర్రాడు ఇంటికొచ్చి నల్ల తెర మీద ఎఫ్‌డిస్క్ తెరిస్తే వెనక నుంచి అన్నయ్యో బాబాయో కేకేస్తాడు: దాని జోలికి పోకురా, సిస్టం ఎగిరిపోద్ది! ఒకడిది పొగరు. ఇంకొకడిది భయం. ఈ పొగరుకూ ఈ భయానికీ మధ్య నలిగి, ఏళ్లుగా దాచుకున్న ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు, ఇంటి కాగితాల స్కాన్లు పోగొట్టుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. నేను వాళ్ల పక్షం. ఎవరికి కోపం వచ్చినా రానివ్వండి.

గ్రాఫికల్ మంచిదా, కమాండ్ లైన్ మంచిదా అని వాదించుకునేవాళ్లకు నా జవాబు ఒక్కటే. మీరు రెండో ప్రశ్నను మొదట అడుగుతున్నారు. మొదట అడగవలసింది ఇది: మీ చేతిలోని పనిముట్టు డిస్క్ మీద రాసే ముందు ఆగుతుందా, ఆగదా? చేయబోయేదంతా ఒకసారి చూపించి, సరేనా అని అడిగి, వద్దంటే వెనక్కి తగ్గుతుందా? లేక మీరు ఎంటర్ కొట్టిన క్షణంలోనే పని కానిచ్చేస్తుందా? ఇక్కడ గీత గీయండి. విండోలు గొప్పా టెర్మినల్ గొప్పా అన్న పంచాయితీ అక్కడికక్కడే కూలిపోతుంది. ఎందుకంటే నమ్మదగినవి రెండు వైపులా ఉన్నాయి, ప్రాణం తీసేవి కూడా రెండు వైపులా ఉన్నాయి.

అసలు మీరు చెయ్యి పెడుతున్నది దేని మీదో ముందు తెలుసుకోండి. ఎంబీఆర్ అనే పాత పద్ధతి 1983లో డాస్ 2.0తో వచ్చింది. డిస్క్ మొట్టమొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో పార్టిషన్ల పట్టికకు దక్కినవి 64 బైట్లు. ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్లు, కాబట్టి నాలుగంటే నాలుగే ప్రైమరీ పార్టిషన్లు. మీ సీ డ్రైవ్ ఎక్కడ మొదలై ఎన్ని సెక్టార్లు సాగుతుందో చెప్పేది ఆ 16 బైట్లే. సెక్టార్ల లెక్కకు 32 బిట్లే కేటాయించారు గనుక, 512 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లో రెండు టెరాబైట్ల అవతల ఏముందో దానికి కనిపించదు. తర్వాత వచ్చిన జీపీటీ మామూలుగా 128 పార్టిషన్లకు చోటిస్తుంది. పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర దాచిపెడుతుంది. పట్టిక చెడిపోయిందో లేదో పట్టుకునే చెక్‌సమ్ కూడా రాసుకుంటుంది.

పొలానికి పాస్‌బుక్ ఎలాగో డిస్క్‌కు ఈ పట్టిక అలాగ. పాస్‌బుక్ చింపేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు, పైరు నిలబడే ఉంటుంది. కానీ గట్టు ఎక్కడుందో చెప్పే కాగితం లేదు కాబట్టి రేపు ఎవడైనా వచ్చి దున్నేయగలడు. పార్టిషన్ డిలీట్ చేస్తే పోయేది కాగితం. దాని మీద మళ్లీ ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేస్తే పోయేది పైరు. ఈ తేడా చెప్పకుండా డబ్బు తీసుకునే ప్రతివాడూ, అది సర్వీస్ షాపు కానివ్వండి, కోచింగ్ సెంటర్ కానివ్వండి, మిమ్మల్ని మోసం చేస్తున్నాడు.

ఇప్పుడు పనిముట్లను నేను గీసిన గీత మీద నిలబెట్టి చూద్దాం.

లినక్స్‌లో ఎఫ్‌డిస్క్ తీసుకోండి. నల్ల తెర, ఒక్కో అక్షరం ఒక్కో ఆజ్ఞ. చూడగానే భయం వేస్తుంది. కానీ అది తెరవగానే మీకు మాట ఇస్తుంది: మీరు రాయమనేదాకా మార్పులన్నీ మెమరీలోనే ఉంటాయి అని. పార్టిషన్లన్నీ డిలీట్ చేయండి, కొత్త పట్టికే పెట్టండి, డబ్ల్యూ కొట్టేదాకా డిస్క్ మీద ఒక్క బైటు కదలదు. క్యూ కొట్టి బయటికొస్తే ఏమీ జరగనట్టే. జీడిస్క్ కూడా అంతే. సీఎఫ్‌డిస్క్ అయితే రాసే ముందు 'యస్' అని మూడు అక్షరాలూ టైపు చేయిస్తుంది. భయపెట్టే ముఖాలే, నడవడిక మాత్రం పెద్దమనిషిది.

అదే నల్ల తెర మీద పార్టెడ్ ఉంది. 1999లో పుట్టిన పాతకాపు. దానికి రాయమనే ఆజ్ఞే లేదు, రద్దు చేయమనే ఆజ్ఞా లేదు. ఎందుకంటే అది అప్పటికే రాసేసి ఉంటుంది. ఆర్ఎం అని, పక్కన 3 అని కొట్టి ఎంటర్ నొక్కారా, మూడో పార్టిషన్ ఆ క్షణంలోనే పోయింది. ఎఫ్‌డిస్క్ అలవాటున్నవాడు ఏమరుపాటుగా పార్టెడ్‌లో కూర్చుంటే ఏమవుతుందో ఆలోచించండి. చివర్లో చూసుకుందాంలే అని కొడుతూ పోతాడు. చివర అన్నది ఉండదు.

విండోల వైపు రండి. జీపార్టెడ్ మీరు చెప్పిన పనులన్నింటినీ కింద ఒక వరుసగా పేరుస్తుంది. ఒక్కోటి వెనక్కి తీసుకోవచ్చు. అప్లై నొక్కేదాకా డిస్క్ జోలికి పోదు. కేడీఈ వాళ్ల పార్టిషన్ మేనేజర్ కూడా అదే మర్యాద పాటిస్తుంది. గ్నోమ్ డిస్క్స్ అలా కాదు. ఒక్క హెచ్చరిక చూపించి, మీరు ఊఁ అనగానే పని ముగించేస్తుంది. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌ది కూడా అదే దారి. ఇక్కడ జీపార్టెడ్ అభిమానులు కూడా చెవి ఒగ్గి వినాలి. దాని మర్యాదకు రెండు మినహాయింపులున్నాయి. కొత్త పార్టిషన్ టేబుల్ సృష్టించమంటే అది వరుసలో చేరదు, హెచ్చరిక దాటగానే రాసేస్తుంది. ఫ్లాగులు మార్చడమూ అంతే. అన్నిటికన్నా పెద్ద పని ఆ రెంటిలో మొదటిది, సరిగ్గా దానికే అప్లై లేదు! ఈ ఒక్క చోట నల్ల తెర ఎఫ్‌డిస్క్ ఈ రంగుల విండో కన్నా పద్ధతైనది. విండో సురక్షితం, టెర్మినల్ ప్రమాదం అని పిల్లలకు నూరిపోసే పెద్దలారా, ఇప్పుడేమంటారు?

ఇక విండోస్‌లోని డిస్క్‌పార్ట్. దీని మీద నాకున్న ఆగ్రహం అక్షరాల్లో పట్టదు. సెలెక్ట్ డిస్క్, పక్కన ఒక నంబరు. ఆ తర్వాత క్లీన్. అంతే. నిజమేనా అని అడగదు. ఏ డిస్క్, ఎంత సైజు, అందులో ఏమున్నాయి అని గుర్తు చేయదు. పట్టిక తుడిచేసి, విజయవంతంగా శుభ్రం చేశానని చెబుతుంది. నడుస్తున్న విండోస్ ఉన్న డిస్క్‌నైతే ఒప్పుకోదు, నిజమే. కానీ మన వాళ్లు దాన్ని వాడేది ఎక్కడ? విండోస్ వేసే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, షిఫ్ట్, ఎఫ్10 నొక్కి తెరిచిన నల్ల తెర మీద. అక్కడ లోపలి డిస్క్ నడవడం లేదు. కాబట్టి అడ్డు లేదు.

ఈ దృశ్యం మన ఊళ్ల కంప్యూటర్ షాపుల్లో రోజూ జరిగేదే. పాత లాప్‌టాప్‌లో కొత్త విండోస్ వేయబోతే, ఈ డిస్క్‌లో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఈఎఫ్ఐ సిస్టంలో జీపీటీ డిస్క్ మీదే విండోస్ వేయగలం అని ఒక ఎర్రర్ వస్తుంది. షాపు కుర్రాడికి వీడియో నేర్పిన మంత్రం ఒకటుంది: డిస్క్‌పార్ట్, సెలెక్ట్ డిస్క్ 0, క్లీన్, కన్వర్ట్ జీపీటీ. ఎర్రర్ మాయమవుతుంది. దాంతో పాటు డీ డ్రైవ్, ఈ డ్రైవ్ కూడా మాయమవుతాయి. సీ డ్రైవ్ పోతుందనుకుని డీ డ్రైవ్‌లోకి అన్నీ సర్దిపెట్టుకున్న ఇల్లాలికి, ఫార్మాట్ కొడితే పోతాయి కదమ్మా అని జవాబు. అలా విన్న ఇల్లు నాకు తెలుసు. పెళ్లి వీడియో, పోయిన తాతయ్య గొంతు, అన్నీ ఆ డీ డ్రైవ్‌లోనే. ఎంబీఆర్‌ను డేటా పోకుండా జీపీటీగా మార్చే ఎంబీఆర్‌టూజీపీటీ అనే పనిముట్టు 2017 నుంచి విండోస్‌లోనే ఉంది. దానికి షరతులున్నాయి: ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, లాజికల్ పార్టిషన్లు ఉండకూడదు. మార్చే ముందు కుదురుతుందో లేదో పరీక్షించి చెప్పే సదుపాయం కూడా దానికే ఉంది. కుదరకపోతే డేటా బయటికి కాపీ చేసి అప్పుడు తుడవాలి. అది అరపూట పని. ఆ అరపూట మిగుల్చుకోవడం కోసం ఒక కుటుంబం జ్ఞాపకాలను తుడిచిపారేసే హక్కు ఎవరిచ్చారు?

ఇప్పుడు పూజారుల సంగతి. తమ్ముడూ, నీతోనే మాట్లాడుతున్నా. టెర్మినల్‌లో చేస్తేనే చేసినట్టు అంటావు కదా, జీపార్టెడ్ లోపల ఏముందో ఎప్పుడైనా చూశావా? 2004లో వచ్చిన ఆ విండో సొంతంగా ఏ ఇంద్రజాలమూ చేయదు. పట్టిక పని లిబ్‌పార్టెడ్‌తో చేయిస్తుంది. అంటే నువ్వు గర్వంగా కొట్టే పార్టెడ్ కింద ఉన్న లైబ్రరీయే. ఫైల్ సిస్టం పని ఈటూఎఫ్ఎస్‌సీకే, రీసైజ్‌టూఎఫ్ఎస్, ఎన్‌టీఎఫ్ఎస్‌రీసైజ్‌లతో చేయిస్తుంది. పని అయ్యాక వివరాలు తెరిస్తే ఏ కమాండ్ ఏ వరుసలో నడిపిందో ఒక్కోటీ చూపిస్తుంది, ఫైలుగా దాచుకోనిస్తుంది కూడా. నువ్వు వెక్కిరించే విండో నీకన్నా మంచి గురువు. నువ్వు కమాండ్ చెబుతావు, ఎందుకో చెప్పవు. అది చేసి చూపించి, ఏం చేసిందో రాసిచ్చి మరీ వెళుతుంది.

పార్టిషన్ చిన్నది చేయడం ఒక్కటి చాలు, ఈ పొగరు ఎంత డొల్లో తేల్చడానికి. పని రెండు అంచెలు. ముందు లోపలి ఫైల్ సిస్టం కుంచించాలి, తర్వాత పార్టిషన్ హద్దు జరపాలి. వరుస తారుమారైతే ఫైల్ సిస్టం తోక హద్దు అవతల పడి తెగిపోతుంది. పార్టెడ్ ఒకప్పుడు ఫైల్ సిస్టంని కూడా తానే కుంచించేది. 2011లో వచ్చిన 3.0 నుంచి ఆ పని మానేసింది. ఇప్పుడు టెర్మినల్‌లో చేయాలంటే అన్‌మౌంట్ చేసి, తనిఖీ చేసి, రీసైజ్‌టూఎఫ్ఎస్‌తో కుంచించి, ఎఫ్‌డిస్క్‌లో పార్టిషన్ డిలీట్ చేసి, అదే మొదటి సెక్టార్ నుంచి మళ్లీ సృష్టించాలి. అప్పుడు ఎఫ్‌డిస్క్ అడుగుతుంది: ఇక్కడ ఈఎక్స్‌టీ4 గుర్తు ఉంది, తీసేయనా? అలవాటుగా వై కొట్టేవాడు కొట్టేస్తాడు. ఎన్ కొట్టాలని ఎంతమందికి తెలుసు? పైగా యూనిట్ల గోల. ఎఫ్‌డిస్క్‌లో 10జీ అంటే 1024 లెక్క. పార్టెడ్‌లో జీబీ అంటే 1000 లెక్క, జీఐబీ అంటే 1024 లెక్క. ఈ తేడాలో పార్టిషన్ ఫైల్ సిస్టం కన్నా చిన్నదైపోయిందంటే కథ ముగిసినట్టే. జీపార్టెడ్‌లో ఒక అంచు పట్టి లాగితే ఈ వరుసంతా అదే పాటిస్తుంది. దీన్ని చేతకానితనం అంటావా? నీ దగ్గరున్నది పట్టుదల మాత్రమే, వివేకం కాదు.

అమీర్‌పేట కోచింగ్ గదుల్లో నడిచేది కూడా చూడండి. రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో పార్టిషన్ చేయమని అడుగుతారు, అది నిజమైన సిస్టం మీద చేసి చూపించాల్సిన పరీక్ష. దానికోసం పిల్లలకు ఎన్, పీ, 1, ఎంటర్, ఎంటర్, డబ్ల్యూ అని ఎక్కాల్లా బట్టీ పట్టిస్తారు. ఆ మొదటి ఎంటర్ కొట్టినప్పుడు 2048 అని ఎందుకు వస్తుందో అడగండి. నోరు పెగలదు. 512 బైట్ల చొప్పున 2048 సెక్టార్లంటే సరిగ్గా ఒక మెబీబైటు. పాత పద్ధతిలో 63వ సెక్టార్ నుంచి మొదలుపెట్టేవాళ్లు. 4096 బైట్ల సెక్టార్లున్న డిస్కులు, ఎస్ఎస్‌డీలు వచ్చాక 63 పొసగలేదు, ఒక్కో రాతకు రెండు బ్లాకులు కెలకాల్సొచ్చి డిస్క్ నెమ్మదించేది. అందుకే ఒక మెబీబైటు దగ్గర మొదలు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పరు. ఎందుకు చెప్పరంటే చెప్పేవాడికే తెలియదు. బట్టీ పట్టిన కుర్రాడు ఉద్యోగంలో చేరి, కంపెనీ సర్వర్‌లో ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టం ఉన్న పార్టిషన్ కుంచించమంటే కూర్చుని తంటాలు పడతాడు. అది పెరుగుతుందే గానీ కుంచించుకోదని, 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ 7 నుంచి అదే డిఫాల్ట్ అని ఎవరూ చెప్పలేదు వాడికి. కోర్సు ఫీజు తీసుకున్నవాడికి సిగ్గుండాలి.

వర్తకులు వీళ్లకేం తీసిపోలేదు. విండోస్ కోసం దొరికే ఉచిత పార్టిషన్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటి వ్యాపారం ఒక్కటే. ఉచితం అని దించుకోమంటారు. రంగురంగుల పట్టీలు చూపిస్తారు. సీ డ్రైవ్ పెంచడం ఎంత తేలికో మీ కళ్ల ముందే బొమ్మ గీసి చూపిస్తారు. అంతా సిద్ధమయ్యాక అప్లై నొక్కితే అప్పుడు తెరుచుకుంటుంది డబ్బు అడిగే కిటికీ. పోయిన ఫైళ్లు వెతికేవాటిది ఇంకా నీచం. మీ పాప ఫొటో చిన్న బొమ్మగా చూపించి, కావాలంటే కట్టమంటారు. ఆ పనికి టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే రెండు పనిముట్లు ఏళ్లుగా పూర్తి ఉచితంగా, సోర్స్ కోడ్‌తో సహా దొరుకుతున్నాయి. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఒక్క మనిషి వాటిని ప్రపంచానికి ఇచ్చాడు. వాటి అసలు రూపం నల్ల తెరే. విండో లేదని మీరు వాటిని ముట్టుకోరు, విండో ఉందని దొంగలకు డబ్బు కడతారు.

పార్టిషన్ మ్యాజిక్ గుర్తుందా? తొంభైలలో డేటా పోకుండా పార్టిషన్ జరపగలమని నిరూపించిన విండో అది. 2003లో దాని కంపెనీ పవర్‌క్వెస్ట్‌ను సిమాంటెక్ కొనేసింది. ఆ తర్వాత దాన్ని పెంచలేదు, కొన్నాళ్లకు మూసేసింది. దాన్ని నమ్ముకుని మెలకువ నేర్చుకున్నవాళ్ల చేతిలో ఏం మిగిలింది? ఏమీ లేదు. ఎఫ్‌డిస్క్ నేర్చుకున్నవాడి చెయ్యి మాత్రం ఈరోజుకీ పనికొస్తోంది. ఇది నల్ల తెర పక్షాన నేను మనస్ఫూర్తిగా చెప్పే సాక్ష్యం.

ఇప్పుడు వీళ్లందరి కన్నా పెద్ద ద్రోహం దగ్గరికి వస్తాను. 2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి కేబీ 5034441 అనే భద్రతా అప్‌డేట్ పంపింది. రికవరీ పార్టిషన్ దారిలో చొరబడి బిట్‌లాకర్ తాళాన్ని తప్పించుకునే లోపం ఒకటి బయటపడింది, దాన్ని పూడ్చే మందు అది. అవసరమైనదే. కానీ అది ఎక్కడానికి రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. అంత ఖాళీ లేని కంప్యూటర్లు కోకొల్లలు. ఎందుకు లేదు? ఆ పార్టిషన్‌కు కొలత పెట్టింది విండోస్ సొంత ఇన్‌స్టాలరే గనుక. జనం ఎవరూ దాన్ని అడగలేదు, చాలామందికి అది ఉందనే తెలియదు. అప్‌డేట్ విఫలమై 80070643తో ముగిసే కోడ్ ఒకటి తెర మీద పడింది. చోటు చాలలేదు అన్న నాలుగు మంచి మాటలు కూడా ఆ తెర మీద లేవు.

పరిష్కారం ఏం చెప్పారో వినండి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. రీఏజెంట్‌సీతో రికవరీని ఆపండి. డిస్క్‌పార్ట్ తెరవండి. మీ డిస్క్ ఎంచుకోండి. సీ డ్రైవ్ పార్టిషన్ ఎంచుకుని 250 ఎంబీ కుంచించండి. రికవరీ పార్టిషన్ ఎంచుకుని, ఓవర్‌రైడ్ అనే మాట చేర్చి డిలీట్ చేయండి. మీ డిస్క్ జీపీటీయో ఎంబీఆరో చూసుకోండి. జీపీటీ అయితే 36 గుర్తుల పొడవున్న గుర్తింపు సంఖ్య ఒక్క అక్షరం తప్పకుండా టైపు చేసి కొత్త పార్టిషన్ సృష్టించండి. తర్వాత ఇంకో పొడుగాటి సంఖ్యతో దాని లక్షణాలు పెట్టండి. ఫార్మాట్ కొట్టండి. బయటికొచ్చి రికవరీ మళ్లీ ఆన్ చేయండి.

ఈ మాటలు ఎవరికి చెప్పారు? రిటైరైన మాస్టారికి. చీరల కొట్టు లెక్కలు రాసుకునే అమ్మాయికి. డిగ్రీ సెకండియర్ కుర్రాడికి. కమాండ్లు ఎవరూ నేర్చుకోనక్కర్లేదు, మౌస్ నొక్కితే చాలు అని దశాబ్దాల పాటు ప్రపంచాన్ని నమ్మించి కోట్లు గడించిన కంపెనీ, తన తప్పును దిద్దుకోవాల్సిన రోజున, ఆగడం తెలియని డిస్క్‌పార్ట్‌ను సామాన్యుడి చేతిలో పెట్టి, పార్టిషన్ నువ్వే డిలీట్ చేసుకో అంది. సెలెక్ట్ పార్టిషన్ దగ్గర ఒక్క అంకె పొరపాటు పడితే? ఓవర్‌రైడ్ అన్నారుగా, కాపలా ఉన్న పార్టిషన్లను కూడా అది వదలదు. తానే చేస్తే ఎన్ని యంత్రాలు చెడతాయో, ఎంత నింద మోయాలో ఆ కంపెనీకి బాగా తెలుసు. ఆ నిందనే జనం భుజాల మీద పెట్టింది. ఆ ఏడాదే ఇంకో మాట కూడా తేల్చేసింది, దీనికి ఆటోమేటిక్ పరిష్కారం రాదని. తన డిస్క్ మేనేజ్‌మెంట్ విండోలో ఒక్క మీట పెట్టలేకపోయిందా? పెట్టగలదు. పెట్టలేదు.

ఇంతటి కంపెనీని వదిలేసి, జీపార్టెడ్ వాడే కుర్రాణ్ని వెక్కిరిస్తున్నారా మీరు?

సరే, ఏది వాడాలి? తప్పించుకోను, తీర్పు చెబుతాను. మీ ఇంటి లాప్‌టాప్, మీ సొంత డిస్క్, అప్పుడప్పుడూ చేసే పని అయితే విండోనే వాడండి. అందులోనూ వరుస పేర్చి, అప్లై అడిగే విండోనే. సైజు ప్రకారం గీసిన పట్టీని కన్ను ఒక్క చూపులో చదువుతుంది: ఇది 931 జీబీ, అంటే నా టెరాబైట్ డిస్క్, ఇది 28 జీబీ, అంటే పెన్‌డ్రైవ్. అదే నల్ల తెర మీద ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రెండు పేర్లు పక్కపక్కన ఉంటాయి, పైగా రీబూట్ తర్వాత ఆ పేర్లు తారుమారు కూడా కావచ్చు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లకు ఆ ఇంగ్లీషు ప్రశ్నల వరుస కన్నా ఆ బొమ్మ ఎన్నో రెట్లు నమ్మకమైనది. అది తక్కువతనం కాదు. ఎవడైనా తక్కువ చేసి మాట్లాడితే వాడి మొహం మీదే చెప్పండి.

విండోస్ పక్కన లినక్స్ వేసుకునే విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోండి. సీ డ్రైవ్‌ను విండోస్ సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుంచించండి. కదలని ఫైళ్లు అడ్డం ఉంటే అది మీరు అడిగినంత ఇవ్వదు. అప్పుడు హైబర్నేషన్, పేజ్ ఫైల్ తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నించండి. కొత్త లాప్‌టాపుల్లో బిట్‌లాకర్ మీకు చెప్పకుండానే ఆన్ అయి ఉండొచ్చు. రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోకుండా ఏ పనిముట్టూ తెరవకండి, విండో అయినా సరే, నల్ల తెర అయినా సరే.

సర్వర్ అయితే నా తీర్పు ఇంకోలా ఉంటుంది, అక్కడ రాజీ లేదు. అక్కడ తెర ఉండదు, మౌస్ ఉండదు. అర్ధరాత్రి క్లౌడ్‌లో డిస్క్ నిండిపోయి సైట్ పడిపోతే, వాల్యూమ్ పెంచి, గ్రోపార్ట్‌తో పార్టిషన్ సాగదీసి, రీసైజ్‌టూఎఫ్ఎస్‌తోనో ఎక్స్ఎఫ్ఎస్‌గ్రోఎఫ్ఎస్‌తోనో ఫైల్ సిస్టం పెంచాలి. అన్నీ నడుస్తుండగానే. కమాండ్ రానివాడు అక్కడ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఇంకో గొప్ప గుణం కూడా ఉంది. కమాండ్‌ను కాగితం మీద రాసిపెట్టుకోవచ్చు, ఫోన్లో చెప్పొచ్చు, వంద యంత్రాల మీద ఒకేలా నడపొచ్చు, నిన్న ఏం చేశామో ఇవాళ చదవొచ్చు. మౌస్‌తో నొక్కిన నొక్కుళ్లకు చాలా విండోల్లో చరిత్ర ఉండదు. సర్వర్లు చూసి జీతం తీసుకుంటూ, నాకు కమాండ్లు పడవు అనేవాడు తన ఉద్యోగాన్ని అవమానిస్తున్నాడు. వాడికి నా దగ్గర జాలి లేదు.

పార్టిషన్ మొదలును ఎడమకు గానీ కుడికి గానీ జరిపేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. అది పట్టికలో రెండు అంకెలు మార్చే పని కాదు. లోపలి డేటా అంతా ఒక చోట నుంచి ఇంకో చోటికి కాపీ అవుతుంది, గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోయిందా, సగం ఇటు సగం అటు. చార్జర్ పెట్టకుండా, యూపీఎస్ లేకుండా, బ్యాకప్ లేకుండా ఆ పని మొదలుపెట్టేవాణ్ని ఏ పనిముట్టూ కాపాడదు.

అయినా పొరపాటు జరిగిపోయింది అనుకోండి. పార్టిషన్ పోయింది. వెంటనే చేతులు తీసేయండి. కొత్త పార్టిషన్ చేయకండి, ఫార్మాట్ కొట్టకండి, ఆ డిస్క్ మీదికి సాఫ్ట్‌వేర్ దించకండి. పోయింది కాగితమే, పైరు ఇంకా అక్కడే ఉంది. టెస్ట్‌డిస్క్ డిస్క్ అంతా వెతికి పాత హద్దులు కనిపెట్టి పట్టిక తిరిగి రాయగలదు. కానీ ఎస్ఎస్‌డీ మీద ఫార్మాట్ కొట్టారంటే ట్రిమ్ అనే ఆజ్ఞ వెళ్లి, ఆ చోట్లు ఇక అక్కర్లేదని డిస్క్‌కు చెప్పేస్తుంది. అప్పుడు ఏ షాపు వాడు ఎంత అడిగినా ఇవ్వకండి, వాడు తేలేడు.

మీరు ఏ పక్షమైనా సరే, ఈ రాత్రి ఒక పని చేయండి. ఫొటోలు, కాగితాలు ఒక బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. లినక్స్ వాళ్లయితే ఎస్ఎఫ్‌డిస్క్‌తో డంప్ కొట్టండి. పార్టిషన్ పట్టిక మొత్తం ఒక చిన్న టెక్స్ట్ ఫైలుగా వస్తుంది, కావాల్సిన రోజున అదే ఎస్ఎఫ్‌డిస్క్‌కు తిరిగి అందిస్తే హద్దులన్నీ మళ్లీ రాసేస్తుంది. ఆ ఫైలును ఆ డిస్క్ మీదే ఉంచకండి, పెన్‌డ్రైవ్‌లో వేయండి. విండోస్ వాళ్లయితే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, హద్దులూ సైజులూ కనిపించేలా ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి. అది పూర్తి చేసినవాళ్లు రేపు నాతో పోట్లాటకు రండి. చేయనివాళ్లతో నాకు మాటల్లేవు.